కొనీ కాటా మీద బిడ్డ

…అది కాదురా, ఇంత ఆలీసంగా సెప్తన్నానని నా మీద కోపం పెట్టుకోకు. సెప్పకూడదని కాదు. ఇయ్యాల సెప్తాను, రేపు సెప్తాను, సంటిది కాస్త ఒళ్ళు సేసాక సెప్తాను అనుకుంటా రోజులు తోసీసినాను. నువ్వు ఎలాగూ నడి సంద్రంలో ఉన్నావు, సిగ్నలు నేదు, సెప్పినా ఇనవు గదా అని నాకు నానే సర్దుకున్నాను.

నానేరా వినోదూ, మీ గురమ్మత్తని. ఒడ్డుమీద నెత్తళ్ళ సేపలు ఎండేసిన కాడ కూకోని, ఫోను మీద ఏలు నొక్కిపెట్టి మాట్లాడతన్నాను. ఇంటికాడైతే ఉష ఇంటాది. గాలి ఎక్కువగా ఉన్నాది, మాట సరిగ్గా పడతన్నాదో నేదో.

నీకు ఆడపిల్ల పుట్టినాది.

ముందు ఈ ముక్క సెప్పాలి గదా, సూడు, ఎక్కడికో ఎళ్ళిపోతన్నాను. ఆడపిల్ల. పేనానికేటీ బయ్యం నేదు. నీ పెళ్ళాం, నా కూతురు ఉష కూడా బాగున్నాది. ఇద్దరూ మా ఇంటికాడే ఉన్నారు.

మరి అంతా బాగుంటే ఈ అత్త ఎందుకిలాగ నసుగుతన్నాది అంటావు. సెప్తానురా. నాకు మొదలెట్టి సివరి దాకా సెప్పడమే వచ్చు, ముక్కలు ముక్కలుగా సెప్పడం రాదు. మీ మావ అంటాడు గదా, నిప్పెక్కడ అంటుకున్నాదే అని అడిగితే అగ్గిపెట్టె ఎక్కడ కొన్నామో కాడ్నించి మొదలెడతావని. అలాగే ఇను. నీకు తీరికే గదా, బోటు ఒడ్డుకొస్తే రొండ్రోజులు ఉంటారంటావు.

అయితే నీ ఫోనులో నా మాట ఒక్కటే ఉండదు. మీ అమ్మది కూడా ఉంటాది. మాకిద్దరికీ తగువు రాకుండా ఒకేలాంటి ఫోన్లు కొనిచ్చినావు సూడు, ఆ ఫోనే. మొన్న గోడకానుకోని, నోటికి సెయ్యి అడ్డం పెట్టుకోని శానాసేపు మాట్లాడినాది. నాను కూర తరుగుతా సూస్తన్నాను. ఏటి సెప్పిందో తెల్దు గాని, సెప్పినంతసేపూ మా ఇంటివైపే సూసినాది.

నువ్వు ఎవులది ముందు నొక్కుతావో అదే నా బెంగ. ఆకర్న ఎవులు పంపితే ఆళ్ళది పైకొస్తాదట గదా. అందుకే రోజూ నాను ‘హలో వినోదూ’ అని ఓటి పంపుతన్నాను. మీ అమ్మ కూడా పంపుతన్నాది గావాల. ఇద్దరం ఇలాగ ఒకల మీద ఒకలం ఎక్కుతా ఉన్నాం. నీ ఫోను తెరిస్తే మా ఇద్దరి హలోలే ఉంటాయి.

హుష్. పో. కాకులురా, నెత్తళ్ళ మీద వాలిపోతన్నాయి.

ఆఁ. నొప్పులొచ్చినాయా, ఆటో మాటాడుకోని నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా టెక్కలి ఆస్పత్రికి ఎళ్ళిపోయినాం. మీ అమ్మ కూడా వచ్చినాది. అబద్దం సెప్పకూడదు, దారి పొడుగునా ఉష తల మీ అమ్మ ఒళ్ళోనే ఉన్నాది. గోతిలో ఆటో పడినప్పుడల్లా ఆటోవోడిని మీ అమ్మ తిట్టిన తిట్లు నాకు కూడా కొత్త. అంత బాగున్నాది అప్పటిదాకా.

తెల్లారి కాన్పయినాది. నర్సమ్మ గుడ్డలో సుట్టి తెచ్చి సూపించినాది. నాను సేతులు సాపినాను, నా సేతుల్లో ఏటీ పెట్టనట్టే ఉన్నాది. కేజీ తొమ్మిది వందలు.

మీ అమ్మ సూసినాది. సూసి, ‘ఇదేటి?’ అన్నాది. అంతే. ముద్దెట్టుకోనేదు, దిష్టి తియ్యనేదు. ‘ఇదేటి’ అన్నాది.

నాకు అర్తమయ్యింది ఆవిడ మనసులో ఏటనుకున్నాదో. నువ్వు పోయినేడు గుజరాతు వీరావల్ నించి వచ్చినప్పుడు ఎలాగున్నావు? బోటు మీద వంట నీది, మిగిలిందంతా తినీదీ నువ్వే. రైలు దిగి నడిసొస్తంటే మీ నాన్నే గుర్తుపట్టనేదు. ఐసు ఫేక్టరీ కాటా మీద నీ జట్టువోళ్ళు నిన్ను ఎక్కించి, నూట పన్నెండు అని కేకలేసినారు సూడు. మీ అమ్మ ఎంత మురిసిపోనాది. ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో ఏసినాది. నా కొడుకు ఏనుగు, నా కొడుకు బోటు లంగరు అని ఈదంతా సెప్పుకున్నాది. ఉన్న మూణ్ణెల్లూ నీకు పెట్టిందే పెట్టినాది. కంచంలో అడుగు కనబడకూడదు. నువ్వు సాలమ్మా అంటే ఏడిసీది.

అలాటి మనిసికి ఏటి ఉంటాది మనసులో? ఏనుగుకి ఏనుగు పిల్ల పుడతాది అనే గదా. మరి సేతిలోకొచ్చింది పిచికపిల్ల.

ఇంకోటి ఉన్నాది. నోటితో అనీదానికి నాకే సిగ్గుగా ఉన్నాది గాని, నీకు తెలియాలి. సిన్న బిడ్డంటే నెలలు నిండని బిడ్డ అని మనోళ్ళ నమ్మకం. ఎనిమిదో నెల బిడ్డ అనుకుంటే, ఎనక్కి లెక్కెట్టుకో. నువ్వు ఆగస్టులో నౌపడలో రైలెక్కినావు, కడుపు నువ్వు ఎళ్ళినాకే పడినట్టు లెక్కొస్తాది.

అర్తమయ్యిందా? అర్తమయ్యే ఉంటాది. అలాగ మూగగా ఉండకు. ఉంటావులే, నువ్వు ఇంకా ఇననేలేదు గదా. నాకు మతి పోతన్నాది.

మీ అమ్మ నర్సమ్మని అడిగినాది, ఇది ఎన్నో నెల బిడ్డమ్మా అని. నెలలు నిండిన బిడ్డే అన్నాది నర్సమ్మ. అయితే ఇంత ఏటి? అంటే, అది డాకటరమ్మని అడుగు అన్నాది. మీ అమ్మ అడగనేదు. కొంగు బిగించుకోని బస్సెక్కి ఎళ్ళిపోనాది. ఒక్కత్తీ.

సంటిదాన్ని అద్దాల పెట్టెలో పెట్టినారు. తరవాత ఉష గుండె మీద పడుకోబెట్టమన్నారు, ఒంటి ఏడి తగలాలట. ఉష జాకిట్టులో పెట్టుకోని కదలకుండా కూకునేది. దగ్గొచ్చినా ఆపుకునేది.

డాకటరమ్మ సిన్నపిల్ల. మన ఉష కన్నా రెండు మూడేళ్ళు పెద్దది గావాల. వచ్చి అన్నీ అడిగినాది. ఉష ఏటి తింటాది, రక్తం ఎంతున్నాది, ఐరను బిళ్ళలు మింగినాదా. మింగినాది అన్నాను. ఉష నా వైపు సూసినాది. సగం మింగినాది, సగం గోడవతల పారేసినాది, వాంతులొస్తన్నాయని. అదీ సెప్పీసినాను తరవాత. మేనరికమా అన్నాది. అవునమ్మా, మా అన్న కొడుకే అన్నాను. రాసుకున్నాది.

అప్పుడు అడిగినాదిరా, ‘తండ్రి బరువెంత?’ అని.

నాను నవ్వీసినాను. తండ్రి బరువెందుకమ్మా, కన్నది నా కూతురు గదా, ఆడు గుజరాతులో సేపలు పడతన్నాడు అన్నాను. ‘సెప్పమ్మా’ అన్నాది. నూట పన్నెండు, ఐసు ఫేక్టరీ కాటా మీద తూసినాం అన్నాను. ఆ పిల్ల కూడా నవ్వినాది. నవ్వి, మళ్ళీ సీరియస్సయిపోనాది.

ఏటి సెప్పినాదో నాకు అర్తమయినట్టు సెప్తాను. ఇన్నాళ్ళూ బిడ్డ సిన్నగా పుడితే తల్లినే అడిగేవాళ్ళం, తల్లి ఏటి తిన్నాది, తల్లి ఎలాగున్నాది అని. ఇప్పుడు తండ్రి ఒంటి బరువు కూడా సూస్తన్నారట. బిడ్డ కడుపున పడీనాటికి తండ్రి మరీ బరువెక్కి ఉంటే, ఆడి బీజంలోనే ఏదో తేడా పడి, బిడ్డ ఎదుగుదల మీద పని సెయ్యొచ్చట. లావాటి తండ్రికి లావాటి బిడ్డ పుట్టాలి గదమ్మా అన్నాను. ఒక్కోసారి పెద్దగా పుడతారు, ఒక్కోసారి సిన్నగా, ఇంకా పూర్తిగా తేలనేదు అన్నాది.

అయితే మా బిడ్డకి అదేనా కారణం అన్నాను.

‘అయ్యుండొచ్చు’ అన్నాది.

అయ్యుండొచ్చా, అయ్యిందా?

‘అయ్యుండొచ్చమ్మా. రక్తం తక్కువ ఉండటమూ అయ్యుండొచ్చు, మేనరికమూ అయ్యుండొచ్చు, అన్నీ కలిసీ అయ్యుండొచ్చు.’

మనం ఏదీ ఖాయంగా తెల్దన్నప్పుడు మాట సివర గావాల, గావాల అని తగిలిస్తాం సూడు. వానొస్తాది గావాల, బస్సు ఎళ్ళిపోనాది గావాల. అంత సదువుకున్న పిల్ల కూడా అదే తగిలించినాది. నాకు కావాల్సింది ‘అవును’. ఆ పిల్ల ఇచ్చింది ‘గావాల’.

ఒక్కటి మాత్రం గట్టిగా సెప్పినాది. సంటిదాని కాలు పట్టుకోని అరికాలు సూపించినాది. ఈ గీతలు సూడమ్మా, మడమ దాకా నిండుగా ఉన్నాయి, సెవులు గట్టిగా ఉన్నాయి, ఇది నెలలు నిండిన బిడ్డే, ఎదుగుదలే తక్కువ అన్నాది. అందులో గావాల నేదు. నాను రెండుమాట్లు అడిగినాను, ఇందులో గావాల నేదు గదమ్మా అని. నేదన్నాది.

నాకు ఎంత పేనం లేచొచ్చినాదో. తల్లీ, ఆ రెండు ముక్కలూ ఈ ఫోనులో సెప్పవా, మా అల్లుడికి పంపుతాను అన్నాను. ఇంకో బిడ్డ ఏడుస్తన్నాది, అటు ఎళ్ళిపోనాది.

సరే, నా నోరుంది గదా అనుకున్నాను. అక్కడే సెడిపోనాను.

ఊర్లోకొచ్చేసరికి మీ అమ్మ కుళాయి కాడ అనీసినాది. గట్టిగా అననేదు, బిందె నిండీలోగా పక్కదానితో, ‘నా కొడుకు ఎళ్ళీనాటికి దానికి నెల తప్పినాదో నేదో ఆ దేవుడికే ఎరిక’ అని. ఆ పక్కది ఇంకో పక్కదానితో. నీకు తెలుసు గదా మన ఊరు. సాయంత్రానికి మా గుమ్మం ముందు నడిసీ ఆడోళ్ళంతా నడక నెమ్మదిగా నడిసినారు.

తేదీలు ఉన్నాయి గదా అంటావు. కడుపుతో ఉన్నోళ్ళ కార్డు మీద రాసినాది ఆశా అమ్మాయి. ఆ అమ్మాయి మీ మావకి సెల్లెలి వరస. మీరు సెప్పిందే రాసినాది అంటన్నాది మీ అమ్మ. నిజమే, ఎవులైనా సెప్పిందే రాస్తారు. సెప్పింది నిజమని ఎలాగ సూపించను?

అందుకే నాను మీ ఇంటికెళ్ళినాను. మంచిగానే ఎళ్ళినాను. మీ నాన్న వల బాగుసేస్తన్నాడు. నా అన్న సంగతి నీకు తెలుసు, వల మద్దెలోంచి మనుసుల్ని సూస్తాడు గాని మాటాడడు. మీ అమ్మ సేపలు తోముతన్నాది.

వదినా, ఇది నెలలు నిండిన బిడ్డే, అరికాలు గీతలు సూసి డాకటరమ్మ సెప్పినాది అన్నాను.

‘గీతలు సూసి జాతకాలు కూడా సెప్తన్నారేటి ఆస్పత్రిలో’ అన్నాది.

అక్కడితో ఆపి వచ్చీయాల్సింది. నా నోరు ఆగితే నాను గురమ్మని ఎలాగవుతాను? సిన్నగా ఎందుకు పుట్టిందో కూడా సెప్పినాది వదినా అన్నాను. నీ కొడుకు బరువు వల్ల గావాల అన్నాను. బీజం సంగతి సెప్పినాను. మగోడు మరీ లావెక్కకూడదట, కూడు కాస్త తగ్గించాల్సింది గావాల అన్నాను.

సేప సేతిలోంచి జారిపోనాది మీ అమ్మకి.

ఆలోసించు మరి. ఆవిడ ఆ మూణ్ణెల్లూ సేసిన పనల్లా నీకు పెట్టడమే. గుజరాతులో ఏటి తింటన్నాడో అని దాసి దాసి పెట్టినాది. ఇప్పుడు నాను ఎళ్ళి, నువ్వు పెట్టిన కూడే నీ మనవరాలిని తినీసినాది అన్నట్టు సెప్పినాను. నాను అలాగ అననేదు. ఆవిడకి అలాగే ఇనబడినాది.

‘నా కొడుకు ఒంట్లో లోపమా? పొట్టకి తిన్నోడిది తప్పా? నీ కూతురిది కప్పెట్టీదానికి నా కొడుకు ఒళ్ళు దొరికినాదా నీకు?’ అన్నాది.

వదినా, తప్పని కాదు, ఆడదాన్ని అడిగినట్టే మగోణ్ణి కూడా అడిగినారు, అంతే అన్నాను.

‘డాకటరు అలాగని ఒట్టేసి సెప్పినాదా?’

గావాల అన్నాది వదినా అన్నాను.

ఆవిడ నవ్వినాది సూడు. తిట్టినా బాగున్ను. మీ నాన్న సూదిలో దారం ఎక్కిస్తన్నాడు, సూది దొరకనట్టు పక్కకి తిరిగిపోనాడు.

నీకు కూడా ఇది ఇంటే ఒళ్ళు మండుతాది గావాల. నా బరువు మీద పడ్డారేటి అనుకుంటావు. నింద కాదురా నాయనా. అది నీ తప్పని డాకటరు అననేదు, నానూ అనను. తిను, హాయిగా తిను, బోటు మీద పని సేసీవోడికి తిండుండాల. కాకపోతే ఒడ్డుకొచ్చినప్పుడు ఓసారి బరువు సూపించుకో. అదీ తరవాత సంగతి. ఇప్పుడు నీ బరువు నాకెందుకంటే, నా కూతురి మాట నిలబెట్టీదానికి గీతల మాట మీ అమ్మ కొట్టిపారేసినాక నాకు మిగిలిన కర్ర అదొక్కటే. ఆ కర్రకి మద్దెలో గావాల అని సీలికున్నాది.

ఆఁ, కాటా సంగతి సెప్పాలి. అసలు గొడవ అదే.

ఆస్పత్రినించి ఇంటికి తెచ్చినాక, మర్నాడు పొద్దున్న, తెప్పలొచ్చీ టయిం. మీ అమ్మ ఒడ్డునించి తిన్నగా మా ఇంటికొచ్చినాది, బుట్ట సంకలోన, కాటా బుజానికి ఏలాడతా. ఎనకాల తెప్పలోళ్ళ ఆడోళ్ళు కూడా వచ్చినారు, సంటిదాన్ని సూస్తాం అని. సూడ్డానికి కాదని నాకు తెల్దా?

‘ఇంటికొచ్చినాక ఎంతున్నాదో సూద్దాం. మాటలొద్దు, కాటా సెప్తాది’ అన్నాది.

నాను కాదనాల్సింది. ఉష అయితే నా వైపు సూస్తానే ఉన్నాది. కానీ నాలో కూడా, తుయ్యనీ, ఇంటికి పంపీటప్పుడు ఆస్పత్రిలో కేజీ ఎనిమిది వందల యాభై అన్నారు గదా, అందరి ముందూ అదే వస్తే నోర్లు మూస్తారు అనిపించినాది. పుట్టినాక ముందు కాస్త తగ్గుతారట, ఒంట్లో నీరు పోయి, అందరు పిల్లలూ అంతేనట, మళ్ళీ పుంజుకుంటారట. నర్సమ్మ సెప్పినాది.

తువ్వాలు కట్టి కొక్కానికి తగిలించినాది మీ అమ్మ. సంటిది ఏడవను కూడా ఏడవనేదు. తువ్వాల్లో కాళ్ళు ముడుసుకోని ఏలాడినాది, కళ్ళు తెరిసి. ముల్లు సూసినారందరూ. కేజీన్నర దాటనేదు.

‘ఎండుసేపకి తరుగుంటాది గాని, తల్లి పాలు తాగీ బిడ్డకి తరుగేటి?’ అన్నాది మీ అమ్మ. ‘ఎవుల బిడ్డని ఆ తల్లి మనసుకి తెలిస్తే గదా పాలు పడతాయి.’

ఉష తువ్వాల్లోంచి బిడ్డని తీసుకోని లోపలికెళ్ళిపోనాది.

నాకు అప్పుడు ఎలిగినాది. ఆ కాటా ఎర్ర దారం కట్టిన కాటా.

నీకు తెలుసు గదా. మన కాడ సేపలమ్మీ ఆడోళ్ళందరికీ రెండు కాటాలుంటాయి. ఒడ్డున తెప్పలోళ్ళ కాడ కొనీదానికి ఓటి, టెక్కలి బజార్లో అమ్మీదానికి ఓటి. కొనీ కాటా తక్కువ సూపిస్తాది, అమ్మీ కాటా ఎక్కువ సూపిస్తాది. మీ అమ్మకీ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. తెప్పలోళ్ళకీ అనుమానం ఉన్నాది గాని, కళ్ళ ముందు ఎవులూ ఒప్పుకోలేదు గనక ఆళ్ళూ అడగరు, మనమూ సెప్పం.

ఒడ్డునించి తిన్నగా వచ్చినాది గదా. బుజానికున్నది ఎర్ర దారం కట్టిన కొనీ కాటాయే. కావాలని తేలేదు, ఆ కోపంలో సూసుకోనేదు. సొంత మనవరాలిని కొనీ కాటా మీద తూసినాది మీ అమ్మ.

నాను అనీసినాను. ‘వదినా, అది కొనీ కాటా గదే’ అని.

అంతమంది తెప్పలోళ్ళ ఆడోళ్ళ ముందర.

ఆ లక్ష్ముడి పెళ్ళాం, మీ అమ్మకి రోజూ సేప ఇచ్చీదే, నెమ్మదిగా అడిగినాది, ‘కొనీ కాటా అంటే ఏటి బుల్లమ్మా? ఇంకో కాటా కూడా ఉన్నాదేటి?’ అని. సంటిదాన్ని మరిసిపోనారు. నీ పేరూ ఉష పేరూ మరిసిపోనారు. అందరూ ముల్లుకేసి సూస్తన్నారు.

ఒక్క మాటలో బిడ్డ బరువు నిలబెట్టినాను, మీ అమ్మ యాపారం పడగొట్టినాను. మర్నాటి నించి ఒడ్డున మీ అమ్మ కాటా ఎవులూ ముట్టడం నేదు. బాడుగ కాటా తెచ్చుకోమంటన్నారు. నా కాటా కూడా ముట్టడం నేదనుకో, అది ఏరే సంగతి. అందుకే ఇలాగ నెత్తళ్ళు ఎండబెట్టుకుంటా కూకున్నాను.

మీ అమ్మ ఎళ్తా ఎళ్తా అన్నాది, ‘నా కొడుకు ఒంటి మీద పడ్డావు, అయిపోనాది. ఇప్పుడు నా కాటా మీద పడ్డావు. ఇంకేటి మీద పడతావు గురమ్మా?’ అని. అప్పట్నించి మాటల్నేవు. ఆ సాయంత్రమే గోడకానుకోని నీకు ఫోనులో మాట్లాడినాది.

కానీ ఇంకోటి సెప్పాలి, నేకపోతే నాది అన్యాయం అవుతాది. ఆ తర్వాత పొద్దున్న మా గుమ్మంలో ఆకుపొట్లం ఉన్నాది. పాలసొర. పచ్చిబాలింతకి పాలు పడతాయని పిట్టు సేసి పెడతాం సూడు, ఆ సేప. ముక్కలు కోసి, పసుపు రాసి, కట్టి ఉన్నాది. ఎవులు పెట్టినారో ఎవులూ సూడనేదు. ఆ పసుపు రాసీ పద్ధతి మాత్రం మన రెండిళ్ళలో ఒక్కరిదే.

ఉష ముట్టనన్నాది. నానే పిట్టు సేసి, బజార్లో కొన్నాను అని పెట్టినాను. రెండు ముద్దలు తిన్నాది.

తినాలి గదా. అదేరా ఇప్పుడు నాకు పెద్ద బెంగ. పాలు తగ్గిపోతన్నాయి. మనసు బాగుంటే పాలుంటాయి అన్నాది నర్సమ్మ. మనసు ఎలాగ బాగుంటాది? గోడవైపు తిరిగి పడుకుంటన్నాది. ఫోను పక్కలో పెట్టుకుంటాది, తీసి సూస్తాది, మళ్ళీ పెట్టీస్తాది. నీకు తనే పంపొచ్చు గదే అంటే, ‘నాను సెప్పుకుంటే నిజం, సెప్పకపోతే అబద్దమా? బావకి తెల్దా?’ అంటాది. దాని పొగరు దానిది. మా అత్త పొగరు.

సంటిది పాలకి నోరు తెరుస్తాది, కాస్త పీల్చి అలిసిపోతాది. మళ్ళీ మళ్ళీ పట్టాల. ఆస్పత్రికి తీసుకెళ్ళి తూయిస్తే పెరగడం నేదు, తగ్గడం నేదు, అక్కడే ఉన్నాది. ఇంకో వారం సూసి, పెరక్కపోతే మళ్ళీ అద్దాల పెట్టెలో పెడతారట.

నువ్వు వచ్చి తుయ్యమని అడగడం నేదురా. బరువులు లెక్కెట్టమని కూడా అడగడం నేదు. నీ నోటమ్మట ‘నా కూతురు ఎలాగున్నాది’ అని ఒక్క మాట ఉష సెవిలో పడాల. అంతకన్నా నాకేటీ వద్దు.

మీ మావ ఎల్లాజీ ఏటంటన్నాడో తెలుసా? ‘ఆ గావాల తీసీసి సెప్పవే. డాకటరమ్మ నీ బరువే కారణమని ఒట్టేసి సెప్పినాది అను. ఆడేటి గుజరాతునించి వచ్చి డాకటరమ్మని అడుగుతాడా’ అని. పొద్దున్నుంచీ అదే పోరు. నిజానికి తీసీడం ఎంతసేపు? ఒక్క మాటే గదా. నాలిక దాకా వచ్చినాది.

తియ్యలేకపోనాను. ఎందుకంటావా? నీ నెత్తి మీద అది జీవితాంతం ఉండిపోతాది. నా ఒళ్ళే నా బిడ్డని సిన్నది సేసినాది అనుకుంటా కంచం ముందు కూకుంటావు. ఉష మీది బరువు తీసి నీ మీద పెట్టడమే గదా అది. ఎవులో ఒకలు మొయ్యాల్సిందేనా? ఆ పిల్ల డాకటరు అంత సదువు సదివి కూడా ఎవుల మీదా పెట్టనేదు. నాను సదువులేనిదాన్ని, నాకెందుకా తొందర అనిపించినాది.

అందుకని ఉన్నదున్నట్టు సెప్పినాను. గావాలతో సహా. నమ్మితే నమ్ము.

ఇంకా ఓటి ఉన్నాది. ఇది సెప్పొచ్చో నేదో.

మీ అమ్మ కాటా కాడ ఆ మాటన్నాక, ఆ రోజు, ఉష బిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోసుకుంటన్నాది. నాను సంటిదాని పక్కన కూకున్నాను. కూకోని, ముక్కు సూసినాను. సెవులు సూసినాను. నీ సెవి కింద తమ్మె అతుక్కోని ఉంటాది గదా, అలాగున్నాదా అని ఒంగి సూసినాను. అంతటితో ఊరుకున్నానా? సేతి ఏళ్ళు మడిసి నెలలు లెక్కెట్టినానురా. జులై, ఆగస్టు, సెప్టెంబరు. నా కడుపున పుట్టిందాన్ని అనుమానించినాను. మీ అమ్మని నాను ఏటని తిట్టగలను సెప్పు.

తలెత్తితే ఉష గుమ్మంలో ఉన్నాది. తలనిండా నీళ్ళు కారతన్నాయి. నా ఏళ్ళు సూసినాది. మడిసిన ఏళ్ళు.

ఆ పూటనించే పాలు తగ్గినాయి. మీ అమ్మ అన్నందుకు కాదురా. నా వల్లే. ఇందులో గావాల నేదు.

అయ్యో, ఇదెందుకు సెప్పినాను నీకు? ఈ ముక్క నువ్వు ఇనకూడదు. ఇది పంపను. ఏలు తీస్తే నీకు ఎళ్ళిపోతాది, ఏలు తియ్యకుండా పక్కకి జరిపితే సెరిగిపోతాది అన్నాది ఉష, మాట మొత్తం సెరిగిపోతాదట, పోనీ, మళ్ళీ మొదట్నించి సెప్తాను, ఈ ముక్క లేకుండా సెప్తాను. ఎడం పక్కకా, కుడి పక్కకా? ఏలు తిమ్మిరెక్కిపోనాది నాకు.

ఎవులది? మీ అమ్మ. ఇసకలో పడతా లేస్తా ఇటే వస్తన్నాది. ఫోను సెయ్యెత్తి పట్టుకోని వస్తన్నాది. లౌడు పెట్టినట్టున్నాది, అది నీ గొంతేనేటి? ఒడ్డుకొచ్చినావేటిరా? ఏటంటన్నావు, గాలికి ఇనబడ్డం నేదు… ఆఁ వదినా, వస్తన్నా, నన్నేనా పిలుస్తన్నాడు, ఉషనా? ఉండుండు, వస్త